కప్పకన్నుతో తీసిన చలికాలం

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. ఇంట్లో "ఇవాళ సందులో పిల్లిని చూశాను" అన్నా మా ఆవిడ "పిల్లినే చూశావా, తోక చూసి మిగతాది నువ్వే కలిపావా?" అని అడుగుతుంది. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే పెద్దమనుషులు చాలామంది "ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను" అని మొదలుపెడతారు. నాలుగు పేజీలు తిప్పేసరికి వాళ్లు సెలవు పెట్టిన రోజున ఆఫీసు గోడలు బీటలు వారాయని తేలుతుంది. నేను ఆ పనిని తిరగేసి చేస్తాను. అతిశయోక్తుల మనిషినని మొదటే ఒప్పుకుంటాను, ఏది కల్పించానో చివర చెప్పి పోతాను. మధ్యలో మాత్రం నన్ను ఆపకండి.

ఇది ముఖ్యంగా ఫోన్ వీపు మీద మూడు కళ్లున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. మీ ఫోన్ తెరమీద సున్నా పాయింట్ ఐదు అని ఒక గుండీ ఉంటుంది. నొక్కగానే ఎదురుగా ఉన్న ఊరు ఊరంతా తెరలోకి వచ్చి పడుతుంది. మీరు "అబ్బ" అనుకుని ఇంకో ఊరికి పోతారు. ఆ గుండీ చేసే పనిని మా కాలంలో చంటిపిల్లంత బరువున్న లెన్స్ ఒకటి చేసేది. దాన్ని మోసి మోసి నా కుడి భుజం ఎడమ భుజం కంటే ఒక మెట్టు కిందికి దిగింది. ఇప్పటికీ దర్జీ నన్ను చూస్తే టేపు దాచేస్తాడు.

నాకింకా యాభై నిండలేదు. అప్పుడే రిటైరయ్యావా అని అడక్కండి. నేను కాలేదు, నా ఉద్యోగమే నాకంటే ముందు రిటైరైంది. గద్వాలలో ఒక విత్తనాల కంపెనీలో ఫోటోగ్రాఫర్‌గా చేసేవాణ్ని. కంపెనీకి ఫోటోగ్రాఫర్ ఎందుకంటారా? పత్తికాయ పక్కన బొటనవేలు పెట్టి, కాయ ఎంత లావుందో చూపించడానికి. ఆకుమీద పురుగును తీసి, దాన్ని మా మందుతో చంపామని చెప్పడానికి. ఇక అన్నిటికంటే ముఖ్యం, మా యజమాని ఊరూరా శాలువాలు కప్పించుకుంటుంటే తియ్యడానికి. ఆయన్ను మేము పెద్దసారు అనేవాళ్లం. పెద్దసారుకు కప్పిన శాలువాలన్నీ కలిపి కుడితే జూరాల డ్యామ్‌కు దుప్పటి కప్పొచ్చు, ఇంకా మిగిలిన గుడ్డతో గేట్లకు మఫ్లర్లు కుట్టించొచ్చు.

మా విభాగంలో ఇద్దరమే. నేను, మా అన్న. సొంత అన్న కాదు, నాకంటే బాగా పెద్దవాడు, అంతే. గద్వాల చేనేత ఇంట్లో పుట్టి, మగ్గం వదిలేసి, వనపర్తిలో ఫోటో స్టూడియో నడిపి, అదీ వదిలేసి కంపెనీలో చేరినవాడు. మగ్గాన్ని ఆయన వదిలాడు గానీ మగ్గం ఆయన్ను వదల్లేదు. ఏ ఫోటో చూపించినా చీర చూసినట్టే చూసేవాడు. నేల ఒళ్లు, ఆకాశం అంచు. "ఒంటికంటె అంచు పెద్దగున్న చీర ఎవలు కడ్తర్రా?" అనేవాడు. అంతకుమించి ఆయన దగ్గర ఫోటో శాస్త్రం లేదు. ఆయనకు ఇంకొకటి కూడా లేదు, మెచ్చుకోలు. ఆయన నోట "బాగుంది" అన్న మాట నేను ఫోటో గురించే కాదు, పొద్దున టిఫిన్‌కు తినే ఉగ్గాని గురించి కూడా వినలేదు. తన పెళ్లి ఫోటో చూసి కూడా "పెండ్లిపిల్ల ఓ దిక్కు, ఎలుతురు ఓ దిక్కు" అన్నాడట.

అన్న ఆ చలికాలం చివర రిటైరవుతున్నాడు. పెద్దసారు ఒకరోజు మా ఇద్దరినీ పిలిచి నా వైపు వేలు చూపించాడు.

"అన్నా, నువ్వు పోతున్నవ్. వీడొక్కడు ఉండి ఏం జేస్తడు? హైదరాబాద్ల ఫోన్ కొడ్తె డ్రోన్లేసుకొని వస్తున్నరు. ఈసారి క్యాలెండర్ అట్టమీది బొమ్మ వీణ్ని తియ్యమను. నువ్వు సూసి 'బాగుంది' అంటె వీడి కుర్సీ ఉంటది. అనకపోతె నీతోపాటె వీడు గూడ ఇంటికే."

అన్నతో "బాగుంది" అనిపించడం కంటే జూరాల గేట్లు పళ్లతో ఎత్తడం తేలిక.

ఇక్కడ మూడో మనిషి రావాలి, మా మేనేజర్. హైదరాబాద్ నుంచి కొత్తగా దిగాడు. ఆయన నడుస్తుంటే ముందు సెంటు వచ్చేది, తర్వాత ఇంగ్లీషు వచ్చేది, చాలాసేపటికి ఆయన వచ్చేవాడు. అంతకుముందు మా క్యాలెండర్ మీద ఏటా లక్ష్మీదేవి ఉండేది, ఆమె కాళ్ల దగ్గర పత్తికాయలు, మూలన గుండ్రంగా పెద్దసారు తల. రైతులకు అది చాలు. వాళ్లు క్యాలెండర్ చూసేది ఏకాదశికీ అమాస్యకూ గానీ మా బొమ్మలకు కాదు. మేనేజర్ వచ్చి "ఇదంతా ఓల్డ్" అన్నాడు. "ఈసారి నేచర్. వింటర్ థీమ్. వైడ్ యాంగిల్." అన్నాడు. అనడమే కాదు, కంపెనీ డబ్బుతో ఆ లెన్స్ తెప్పించాడు. ముందు భాగం ఉబ్బిన గాజు, వానాకాలం గట్టుమీద కూర్చున్న కప్ప కన్నులా. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి "గిది కప్పకన్ను" అన్నాడు. ఆ పేరే నిలిచింది.

మొదటి రోజు ఖిల్లా ఘణపూర్ పోయాం. గుట్టమీద పాతకోట, పొద్దున్నే చుట్టూ పొగమంచు, చలికాలం ఫోటోకు ఇంతకంటే ఏం కావాలి? చలి సంగతి చెప్పాలంటే, దారిలో తాగిన చాయ్ గొంతులోంచి కడుపులోకి దిగేలోపే ఐస్‌ఫ్రూట్ అయ్యింది. నేను పెళ్లిళ్లలో గ్రూపు ఫోటో తీసే పద్ధతి పాటించాను. అంటే ఎవరూ తప్పిపోకుండా వెనక్కి వెనక్కి నడిచాను. కోట మొత్తం రావాలి, గుట్ట మొత్తం రావాలి, గుట్ట కింది ఊరు కూడా రావాలి. అలా నడుస్తూ పోతే నాకు వనపర్తి బస్సు హారన్ వినిపించింది. మేనేజర్ "స్కేల్ కోసం ఒక మనిషి కావాలి" అని తానే వచ్చి ఫోటో ఎడమ చివర, నాకు దగ్గరగా, నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

ఫోటోను పెద్దసారు ముందు పెట్టాం. ఆయనది ఘణపూర్ వైపు ఊరే. కళ్లజోడు తుడుచుకుని చూశాడు. ఇంకోసారి తుడుచుకున్నాడు.

"గుట్ట ఏడున్నది?"

"మధ్యల సార్."

"గిదా? ఈగ వాలిందనుకున్న గదయ్యా!" అని గోటితో గీరాడు. గుట్ట పోలేదు. "సిన్నప్పుడు గా గుట్ట ఎక్కి దిగితె రెండు రోజులు మోకాళ్లు పట్కపోతుండె. నువ్వు దాన్ని తిని ఉమ్మిన రేక్కాయ గింజ జేసినవ్."

ఆయన చూపు ఎడమ చివరకు జరిగింది.

"మరి గీ బర్రె ఎవలది?"

అన్న ఒక్కడే గొంతు సవరించుకుని "అది మేనేజర్ సారు" అన్నాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో చలికాలం మొత్తంలో మొదటిసారి కొంచెం వెచ్చదనం కనిపించింది.

తమ్ముళ్లూ, వెడల్పు లెన్స్ అంటే ఎక్కువ సరుకు పట్టే సంచి కాదు. అందరూ అక్కడే దెబ్బతింటారు. అది దూరంగా ఉన్నవాణ్ని ఇంకా దూరం తోసేస్తుంది, దగ్గరున్నవాణ్ని నెత్తికెక్కించుకుంటుంది, చివర్న నిలబడ్డవాణ్ని సాగదీసి సాగదీసి వాడి తల్లి కూడా గుర్తుపట్టకుండా చేస్తుంది. మా ఆఫీసు కూడా సరిగ్గా ఈ పద్ధతిలోనే నడిచేది. నాకు వెంటనే అర్థమై ఉండాల్సింది.

మేనేజర్ మాత్రం తన సాగిన నడుమును లెన్స్ మీదికి తొయ్యకుండా నా మీదికి తోశాడు. రాత్రికి రాత్రే ఫోన్లో ఏవో పాఠాలు చదివి, పొద్దున్నే తెలివి ధరించి వచ్చాడు. "ఫోర్‌గ్రౌండ్ లేదయ్యా నీ ఫోటోలో! వైడ్‌లో కాళ్ల ముందు ఏదైనా బలంగా ఉండాలి. ఇదిగో చూడు" అని ఫోన్ తిప్పాడు. ఏవో చలిదేశాల బొమ్మలు. గడ్డకట్టిన చెరువులు, వాటిమీద నెర్రెలు, ఆ నెర్రెలు దూరాన కొండ దాకా పరుగెత్తడం. నిజం ఒప్పుకోవాలి, ఆ ముక్క మాత్రం ఆయన సరిగ్గానే చెప్పాడు. కాళ్ల ముందు వస్తువు ఉంటే కన్ను దానిమీద అడుగుపెట్టి లోపలికి నడుస్తుంది. కానీ ఆయన అక్కడ ఆగితే కదా! "వింటర్ అంటే వైట్. మనకు వైట్ కావాలి" అన్నాడు.

మా దగ్గర చలికాలం తెల్లగా ఎందుకుంటుంది? ఎర్రనేల, కోసేసిన కందికట్టె, పగిలిన పెదవులు, తెల్లారేదాకా మంటకాడ కూర్చుని చేతులు కాచుకుంటూ పక్కూరి వాళ్లను తిట్టుకోవడం, ఇదీ మా చలికాలం. ఇందులో తెల్లనివి రెండే, ముసలివాళ్ల గడ్డం, గోదాములో పత్తి. మేనేజర్ కళ్లు గోదాము మీద పడ్డాయి.

మీరు నమ్మరు. మేము గట్టు అనే మండల కేంద్రం దాటి ఒక మెట్టచేను ఒడ్డున గోనెసంచుల కొద్దీ దూది పరిచాం. రాళ్లమీద పరిచాం, తుమ్మకొమ్మలకు తగిలించాం. పరుస్తుంటే గాలికి సగం కర్ణాటకకు వలస పోయింది. మిగిలిన సగం ముందు నేను పొట్టమీద పడుకుని కప్పకన్ను గురిపెట్టాను. నా తలకాయ చుట్టూ కాళ్లు కనిపించాయి. చెప్పులున్న కాళ్లు, లేని కాళ్లు. చుట్టుపక్కల రైతులంతా వచ్చేశారు.

"ఏం సారు, మీ ఇత్తనం చెట్టుకు గాయకుండ సీదా నేలకే కాస్తున్నదా?" అన్నాడు ఒకడు.

"నిరుడు మాకిచ్చింది గూడ గిట్లనే రాలిపాయె. అప్పుడు ఫోన్ జేస్తే ఎత్తలే. ఇప్పుడు ఫోటో తియ్యనికొచ్చిండ్రు" అన్నాడు ఇంకొకడు. వాడి వెనక "నాది గూడ, నాది గూడ" అని మనుషులు. గట్టు మండలంలో రాలిన పత్తి తాలూకు గోడు మొత్తం ఆ చేను దగ్గర పోగైంది.

మేనేజర్ రెండు చేతులూ ఎత్తి "అయ్యా, ఇది పత్తి కాదు, స్నో!" అన్నాడు.

"స్నోనా? మొఖానికి రాసుకునేదా?" అని ఒక ముసలాయన వంగి ఇంత దూది తీసి వాసన చూశాడు. "వాసన లేదు. దీనిల గూడ కల్తీనేనా?"

ఈ పంచాయితీ తేలకముందే మేకలు దిగాయి. గట్టు మేకలకు మొహమాటం తెలియదు. తుమ్మకొమ్మల మీది హిమాలయాలను మొదట తిన్నాయి, తర్వాత రాళ్లమీది మంచుమైదానాలను తిన్నాయి. మేము జీపెక్కేసరికి మా చలికాలాన్ని మొత్తం మేసేసి, ఒక మేక మేనేజర్ ఫైలు వైపు చూస్తోంది. అన్న ఈ సేపంతా జీపు బానెట్ మీద కూర్చుని చాయ్ తాగాడు. నన్ను చూసి "ఒళ్లు లేదు, అంచు లేదు, ఉత్త దూది. వడికి నేస్తె తువాలన్న అయితుండె" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం పెద్దసారు కబురు పంపాడు, "ఇంకొక్క సారి. గంతే."

ఆ ఒక్క సారి నాగర్‌కర్నూల్ వైపు ఒక నల్లరేగడి చేలో వచ్చింది.

అక్కడికి ఎందుకు పోయామంటే, చెప్పుకోదగ్గ కారణం ఏమీ లేదు. జీపు డ్రైవర్‌కు అక్కడ అత్తగారిల్లు ఉంది. పొద్దు పొడవకముందే చేరాం. మోకాలెత్తు కూడా లేని శెనగ చేను, దాని చివర ఒక బోడిగుట్ట, గుట్ట వెనక ఎరుపెక్కుతున్న ఆకాశం. చేను నడుమ ఈ చివర నుంచి ఆ చివరకు తెల్ల పంచెలు పరిచి ఉన్నాయి. మన ప్రాంతం పిల్లలకు కూడా ఇప్పుడు తెలియదేమో, చెబుతాను. చలికాలం శెనగాకు మీద పడిన మంచు పుల్లగా మారుతుంది. సాయంత్రం చేనుమీద శుభ్రమైన బట్ట పరిచి, పొద్దున్నే తడిసిన బట్టను పిండితే వచ్చేదే శెనగ పులుసు. సీసాలో పోసి దాచుకుంటే ఏడాదంతా కడుపునొప్పికి అదే మందు. నాలుక మీద ఒక చుక్క పడితే చనిపోయిన తాత కూడా లేచి మొహం చిట్లిస్తాడు.

మేనేజర్‌కు ఇదేం తెలుసు? మెరిసే తోలు బూట్లతో చేలోకి దిగిపోయి, "ఛీ, నేచర్‌లో ఎవరిదో బట్టలు! తీసెయ్యండి ముందు" అని ఒక పంచె కొస పట్టుకున్నాడు.

"ఎవడ్రా అది నా చేన్ల!"

ఆ కేకకు బోడిగుట్ట నాలుగడుగులు వెనక్కి జరిగింది. చేతిలో ఇత్తడి చెంబుతో ఒకామె గట్టుమీద నిలబడి ఉంది. చేను ఆమెదే. వయసు మా అన్నకు అటూ ఇటూ. గొంతు మాత్రం పదహారేళ్లది.

"అమ్మా, ఈ బట్టలు తీసెయ్యాలి. మాకు నేచర్ కావాలి" అన్నాడు మేనేజర్.

"ఏం గావాలె?"

"ప్రకృతి, పెద్దమ్మా" అన్నాను నేను.

"అట్లనా? గా బండ ఎనకకు పోయి సూస్కోండ్రి. అందరు గాడికే పోతరు. గిది నా మొగుని దోతి. ఇడువు!"

"చూడండి, మేము పెద్ద కంపెనీ..."

"కంపినీ అయితె ఏంది? మా ఇంటిల్లిపాదికి కడుపు నొస్తె ఇదే మందు. రేపు దవాఖాన్ల సూదికి మీ అయ్య వస్తడా?"

వాళ్లిద్దరూ పంచెకు చెరో కొసా పట్టుకుని లాక్కుంటుంటే నేను జారిపడ్డాను. ఇక్కడ నేనేదో గొప్ప ఆలోచన చేశానని రాసుకోవచ్చు, కానీ లేదు, జారిపడ్డాను. మోచేతులు శెనగమొక్కల్లో, గడ్డం నేలకు ఆని, మెడకు వేలాడుతున్న కప్పకన్ను ఇంకొక పంచెకు జానెడు దూరంలో. తెరలో చూస్తే పంచె లేదు.

ఒక తెల్లటి మైదానం ఉంది. మొక్కల నెత్తుల మీద ఎత్తులు, మధ్యన పల్లాలు. పల్లాల్లో నీలపు నీడ. పంచె మడతలన్నీ నా గడ్డం దగ్గర మొదలై, గడ్డకట్టిన చెరువు మీది నెర్రెల్లా, దూరాన బోడిగుట్ట దాకా పరుగెత్తుతున్నాయి. గుట్ట మళ్లీ రేక్కాయ గింజంతే ఉంది. కానీ ఈసారి దాన్ని చిన్నగా చేసిన మైదానం అంత పెద్దది కాబట్టి, చిన్నగా ఉండటమే దానికి మర్యాదగా ఉంది. కెమెరాను ఒక బెత్తెడు పైకెత్తితే మైదానం మళ్లీ పంచె అయిపోయింది. కిందికి దించితే మళ్లీ మైదానం. వెడల్పు లెన్స్‌లో వెనక్కి నడవకూడదు, ముందుకు పాకాలి. నాకు ఆ పాఠం పులుసులో మునిగాక వచ్చింది.

"పెద్దమ్మా, జర ఆగు! పొద్దు గుట్ట దాటేదాక పిండకు!"

"ఎండ పడితె ఆరిపోతది. నా పులుసు నువ్విస్తవా?"

"ఈ ఒక్కటి ఆగు. మిగిలినయ్ అన్ని మా సారు పిండుతడు."

మేనేజర్ "వాట్, నేనా?" అన్నాడు. ఆమె ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి, చెంబు చేతిలో పెట్టింది. "పిండు. గట్టిగ పిండాలె. ఒక్క సుక్క కింద పడ్డదా, సూడు మల్ల."

ఆయన పిండాడు. హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ చదివిన చేతులతో, ఒక్కో పంచెను మెలిపెట్టి, పళ్లు బిగబట్టి పిండాడు. "అట్ల గాదు, పెండ్లిల చెయ్యి కలిపినట్టు పట్టుకుంటివి. మెడ పిసికినట్టు పిండాలె!" అని ఆమె పక్కన నిలబడి నేర్పింది. చెమట పట్టి ఆయన తడిచేత్తో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడే గడ్డం గీసుకుని వచ్చిన ముఖం అది. ఆయన వేసిన కేక అచ్చమైన తెలుగులో ఉంది. ఆయన నోట ఇంగ్లీషు కలవని మాట అదొక్కటే విన్నాను.

అన్న నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "ఏం తీస్తున్నవ్‌రా?"

"దోతి, అన్నా."

"దోతి తియ్యనికి గంత పెద్ద కన్నా? మా ఇంట్ల దండెం మీద శానా ఉంటుండె."

ఆయనతో వాదించే తీరిక లేదు. సూర్యుడు గుట్ట భుజం మీద తలపెట్టాడు. వాణ్ని కూడా ఫోటోలో ఇరికించాలనే ఆశతో కెమెరాను కొంచెం ఆకాశం వైపు వంచి గుండీ నొక్కాను. మళ్లీ నొక్కేలోపు పెద్దమ్మ వచ్చి ఆ మైదానాన్ని కొస పట్టి లేపి, గుట్టతో సహా మెలిపెట్టి చెంబులో పిండేసింది. పోతూ పోతూ మేనేజర్ పిండిన చెంబులో వేలు ముంచి నాకి చూసింది. "సారు పిండినదాంట్ల బలం లేదు" అంది.

ఇంటికొచ్చాక నా మోచేతులు దురదతో మూడు జిల్లాలంత ఉబ్బాయి. మేనేజర్ బూట్ల మెరుపు ఆ పొద్దుతోనే పోయింది. ఆ తర్వాత ఆయన ఎన్ని పాలిష్‌లు రుద్దినా అవి దిగులు పడ్డ గాడిదల్లాగే ఉన్నాయి.

ఇక పెద్దసారు గది. ప్రొజెక్టర్ వేస్తే గోడమీద బొమ్మ పడింది. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"అబ్బా! ఏడ దొరికిందయ్యా గింత మంచు?"

"వింటర్ ఫ్రాస్ట్ సార్. కాన్సెప్ట్ నాదే" అన్నాడు మేనేజర్. చెంపలు ఇంకా టమాటాల్లా ఉన్నాయి.

"మన దిక్కేనా?"

"మన దిక్కే సార్" అన్నాను నేను.

గమనించండి, ఈ పెద్దసారు చిన్నప్పుడు కడుపునొప్పికి శెనగ పులుసు తాగి పెరిగినవాడే. శాలువాల కింద ఆ జ్ఞాపకం ఎక్కడో ఊపిరాడక పోయింది. ఆయన తల ఊపుతూ ఊపుతూ కింద మూలకు వచ్చి ఆగాడు. "గీ ఎర్ర గీత ఏంది?"

అది పంచె అంచు. జారిపడ్డ తొందరలో కొస ఒకటి మూలన దూరింది. వెడల్పు లెన్స్‌లో మూలలు చూసుకోకపోతే ఇంతే, ఏదో ఒకటి దొంగలా వచ్చి కూర్చుంటుంది.

"సన్‌రైజ్ రిఫ్లెక్షన్ సార్" అన్నాడు మేనేజర్, కళ్లు ఆర్పకుండా.

పెద్దసారు అన్న వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చెప్పు. నీ మాటే మాట. వీడి కుర్సీ ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

అన్న చేనేత ఇంటి మనిషి. గద్వాలలో అంచును గుర్తుపట్టనివాడు ఉంటాడేమో గానీ ఆయన కాదు. చాలాసేపు చూశాడు. ఆ సేపట్లో నేను మా పిల్లల చదువులు ఆపించి, ఇల్లు ఖాళీ చేసి, అయిజ బస్టాండ్‌లో పల్లీలు అమ్మడం మొదలుపెట్టి, అందులో కూడా నష్టపోయాను. అప్పుడు అన్న కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని అన్నాడు, "బాగుంది."

నా కుర్చీ నిలిచింది.

క్యాలెండర్ అచ్చయి ఊళ్లకు పోయింది. పోయిన వారంలోనే ఫోన్లు. ఆత్మకూరు నుంచి ఒకాయన, "మీ కంపెనీ శెనగ పులుసు గూడ అమ్ముతున్నదా సారూ? సీస ఎట్లిస్తున్నరు?" అన్నాడు. ఇంకొకాయన "దోతి మంచిగున్నది గని, అంచు మా దిక్కుది గాదు" అన్నాడు. మూడు జిల్లాల్లో ఆ ఫోటోను మంచు అనుకున్నవాళ్లు మా ఆఫీసులో జీతం తీసుకునేవాళ్లు మాత్రమే. పెద్దసారు వెంటనే మీటింగ్ పెట్టి "నాకు అప్పుడే తెల్సు. మన పద్ధతి మనం మర్చిపోవద్దని నేనే పెట్టించిన" అన్నాడు. మేనేజర్ "అదే సార్ కాన్సెప్ట్" అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. కొట్టేటప్పుడు నా మోచేతులు ఇంకా దురదగానే ఉన్నాయి.

పెద్దమ్మకు ఒక క్యాలెండర్ తీసుకుపోయి ఇచ్చాను. చేతులు చాచి దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. "నా మొగుని దోతిని ఊరూర యాలాడదీసిండ్రు. నేను గాడనే నిలబడితి గద, నన్నెందుకు ఎక్కియ్యలే?" అంది. చివర్న నిలబడ్డవాళ్లు ఆ లెన్స్‌లో బర్రెల్లా సాగుతారని ఆమెకు చెప్పేంత ధైర్యం నాకు లేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఒక రోజు కొత్త మేనేజర్ వచ్చి జేబులోంచి ఫోన్ తీసి, సున్నా పాయింట్ ఐదు నొక్కి, నా టేబులును, నన్ను, వెనక గోడను, గోడమీది పాత క్యాలెండర్‌ను ఒక్క ఫోటోలో ఇరికించి "ఇక ఈ పని ఎవరైనా చేస్తారుగా" అన్నాడు. ఆ ఫోటోలో నేను చివర్న ఉన్నాను. బర్రెలాగే ఉన్నాను.

ఇక ఇచ్చిన మాట. ఏది కల్పించాను? మేకలు నిజం. గుట్టను గోటితో గీరడం నిజం. మేనేజర్ పిండింది నిజం, ఆయన కేక నిజం, దాంట్లోని తెలుగు మాత్రం ఇక్కడ రాయదగింది కాదు. గుట్ట వెనక్కి జరగడం లాంటివి మీరెలాగూ తీసేసి చదివి ఉంటారు.

అబద్ధం ఒక్కటే. ఆ గదిలో అన్న "బాగుంది" అనలేదు.

చాలాసేపు చూశాడు, అది నిజం. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, అదీ నిజం. అప్పుడు అన్నది ఇది: "అంచు ఎక్కువైంది." మూలన ఎర్రగీత గురించి కాదు, ఆకాశం గురించి. సూర్యుడి కోసం ఆశపడి నేను కెమెరాను ఆకాశం వైపు వంచాను కదా, అదంతా ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోయింది. పెద్దసారు "అంటె బాగలేదా?" అన్నాడు. అన్న కండువా దులుపుకుని భుజం మీద వేసుకుని, తలుపు దాకా పోయి, వెనక్కి తిరక్కుండానే "నేర్చుకుంటడు తియ్యి" అన్నాడు.

పెద్దసారు దాన్నే "బాగుంది" కింద జమకట్టుకున్నాడు. నేను కూడా అందరికీ అలాగే చెప్పుకుంటూ వచ్చాను, అన్న కన్నుమూసేదాకా.

ఇప్పుడు నా ఫోన్‌కు కూడా మూడు కళ్లున్నాయి. చలికాలం పొద్దున్నే ఎక్కడైనా శెనగ చేను కనిపిస్తే బండి ఆపుతాను. వంగుతాను, సున్నా పాయింట్ ఐదు నొక్కుతాను. తియ్యబోయే ముందు ఫోన్‌ను కొంచెం కిందికి వంచుతాను.